మైనస్ లోపలుంటే

మా బాబాయి లెక్కల మాస్టారు. ఆయనకు తెలియని విషయం లోకంలో లేదు, ఇంట్లో విషయాలు తప్ప.

గ్రాఫులో గీతను అక్షానికి ఇవతలి నుంచి అవతలికి, అద్దంలో కనబడినట్టు తిప్పే పాఠమంటే ఆయనకు ప్రాణం. దానికి తానే ఒక సూత్రం కనిపెట్టానని ఊరంతా చెప్పుకుంటాడు: "మైనస్ బ్రాకెట్ బయటుంటే గీత తలకిందులవుతుంది. బ్రాకెట్ లోపలుంటే మొహం పక్కకి తిప్పుకుంటుంది." పిన్ని మీదా ఇదే జోకు. "మీ పిన్ని కోపం లోపలి మైనస్. బయటికొస్తే ఇల్లు తలకిందులే" అని తానే చెప్పి, తానే నవ్వుకుంటాడు.

పిన్నికి ఒక కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్‌కి తోడు రమ్మని ఆయన్ని అడిగింది. "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామన్నాడంటే ఇక ఆ పని అయినట్టే. పిన్ని మాటలు మానేసింది. ఆ సంగతి బాబాయికి తెలియనే లేదు, ఆ ఇంట్లో మాట్లాడే పని ఎప్పుడూ ఆయనదే కదా. అన్నం వేళకి అందుతోంది, చొక్కా ఇస్త్రీ అవుతోంది, ఇంకేం కావాలి మహానుభావుడికి.

ఆపరేషన్ రోజునే ఆయనకు ఆ గీత తిప్పే పాఠం పడింది. పాఠం మానడం మహాపాపం. తోడు నేను వెళ్లాను. లోపలికి తీసుకెళ్లే ముందు పిన్ని ఒకసారి గుమ్మం వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి పిన్ని నల్లకళ్లద్దాలతో కుర్చీలో ఉంది. ఆయన చూపు అద్దాల మీద పడింది గానీ ఆగలేదు.

"ఇవాళ భలే తమాషా అయింది" అని మొదలుపెట్టాడు. బోర్డు మీద గిన్నెలా ఉండే ఎక్స్ స్క్వేర్ గ్రాఫు గీశాడట. లోపల మైనస్ పెట్టి, మొహం తిప్పుకుంది చూడండన్నాడట. ఒక పిల్ల లేచి, "ఎక్కడ తిరిగింది సార్, అలాగే ఉందిగా" అందట.

"తిరిగిందమ్మా, రెండువైపులా ఒకేలా ఉంది కాబట్టి నీకు తేడా తెలియట్లేదు అన్నాను. దెబ్బకి నోరు మూసుకుని కూర్చుంది."

"నిజమేనండీ" అంది పిన్ని. "నేను మొహం తిప్పుకుని చాలా రోజులైంది. మీకూ తేడా తెలియలేదు. ఇవాళ కంటి ఆపరేషన్ కూడా చేయించుకొచ్చాను. ఇకనుంచి నా మైనస్ బయటే పెడతాను."

బాబాయి జోకు వేయలేదు. సుద్దపొడి చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీది చుక్కల మందు తీసుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏ కంట్లో వెయ్యాలి?" అన్నాడు.