బావ రోలరు, నా కొక్కేలు

సెల్‌ఫోను ఇంకా డబ్బున్నవాళ్ళ చొక్కా జేబుల్లోనే ఉండే కాలం అది. మిగతావాళ్ళం ఎస్టీడీ బూతుల ముందు వరసలో నిలబడేవాళ్ళం. అప్పట్లో నాకున్న ఆస్తల్లా రెండు: ఒక కుట్టుమిషను, మా బావ మీద అసూయ. (మిషను నాన్నది. అసూయ మాత్రం అచ్చంగా నా స్వార్జితం.) ఇరవై మూడేళ్ళ కుర్రాడికి బోలెడన్ని కోరికలుంటాయంటారు గానీ, నాకు ఒకటే ఉండేది. మా బావ చేసిన వస్తువు ఏదో ఒకటి, నలుగురి ముందు, పట్టపగలు, పాడైపోవాలి.

గుంటూరులో మిరపకాయల యార్డుకి దగ్గర్లో నాన్నకి పట్టాల కొట్టు ఉండేది. కాయలు ఆరబోసుకునే రైతులకీ, లారీల మీద పత్తి బేళ్ళు కప్పేవాళ్ళకీ టార్పాలిన్ పట్టాలు కుట్టి, అంచులకి ఇత్తడి రింగులు కొట్టి ఇచ్చేవాళ్ళం. మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా లేత్ వర్క్‌షాపు. అందులో బావ. మేనత్త కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. ఐటీఐ చదివాడంతే, కానీ బజారంతా ‘ఇంజినీరు’ అనే పిలిచేది. ఆదివారం చర్చిలో మా అత్త దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే చాలు, అందులో దేవుడు ఒకసారీ, బావ లేత్ మూడుసార్లూ వచ్చేవి. ‘నా బిడ్డ చేతికి ప్రభువు ఇచ్చిన జ్ఞానం...’ అని అత్త గొంతు వణికినప్పుడల్లా పక్కనున్న మా అమ్మ నన్ను మోచేత్తో పొడిచేది. నేను కుట్టిన పట్టా కింద వందల బస్తాలు వానకి తడవకుండా ఉన్నా ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. కారకపోతే పట్టా సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అలాంటి రోజుల్లో ఒక ఉదయం కెప్టెన్ గారు, ఆయన భార్య మా కొట్టుకి వచ్చారు. (ఆయన నిజానికి ఓడల్లో ఇంజను పని చేసి రిటైరైన మనిషి. తెల్లగెడ్డం, ఎండకి కాలిన మొహం చూసి మేమే కెప్టెన్ని చేశాం. ఆయన కాదనలేదు.) చీరాల దగ్గర వాడరేవులో పడవల వడ్రంగుల చేత ఒక తెరచాప పడవ చేయించుకుంటున్నారు. చేపలు పట్టడానికి కాదు, ఇద్దరూ అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ఒడ్డు వెంబడే మచిలీపట్నం, కాకినాడ, ఓపికుంటే ఇంకా పైకి వెళ్ళడానికట. పెద్ద చాపలు మద్రాసు నుంచి వచ్చేశాయి. చాపలు కట్టే నిలువు కొయ్యకి ముందు, ముందువైపు పెద్ద చాపకి వెనక వేసే చిన్న ముక్కోణపు చాప ఒకటి మిగిలింది. గాలి ముదిరినప్పుడు పెద్దది తీసేసి ఈ చిన్నదాన్నే నమ్ముకుంటారట. గట్టిగా కుట్టే చెయ్యి కావాలని వెతుక్కుంటూ వస్తే ఎవరో మా కొట్టు చూపించారు.

“ఇందులో రెండు పద్ధతులున్నాయయ్యా,” అన్నారాయన బల్ల మీద సుద్దతో గీస్తూ. “కొయ్య మీంచి పడవ ముందుభాగానికి ఉక్కు తీగ ఉంటుంది. చాప అంచుకి కొక్కేలు కుట్టి ఆ తీగకి తగిలించడం ఒకటి, కిటికీ తెరలాగా. తాడు లాగితే పైకి పోతుంది, వదిలితే కిందికొస్తుంది. కాకపోతే ఎవరో ఒకరు ముందుకి వెళ్ళి దాన్ని పోగుచేసి కట్టాలి. రెండోది రోలరు. చాప అడుగున ఒక డ్రమ్ము, పైకొసన తిరిగే బేరింగు. వెనక కూర్చున్నచోటు నుంచే తాడు లాగితే మనం పడుకునే చాపలా చుట్టుకుపోతుంది.”

“రోలరే,” అన్నారు ఆయన భార్య. “కెరటాల్లో ముందుకి పాక్కుంటూ వెళ్ళేది ఈయన. మోకాళ్ళు అరిగిపోయాయి. పడితే తీయాల్సింది నేను. నాకు ఈత రాదు.”

“ఆ రోలరు గాలిలో పట్టేస్తే?” అన్నారు కెప్టెన్ గారు.

ఈ మాట పూర్తి కాలేదు, గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బావ రోడ్డు దాటి వచ్చేశాడు. ఎవరు పిలిచారో నాకిప్పటికీ తెలియదు. “పట్టదు సార్. నేను చేస్తా. పత్తి మిల్లు బేరింగులున్నాయి నా దగ్గర, పదేళ్ళు తిరిగినా అరగవు.”

“కొక్కేలే మంచివి సార్!” అన్నాను నేను.

అందరూ నావైపు తిరిగారు. “ఎందుకని?” అన్నారు కెప్టెన్ గారు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. అప్పటిదాకా నేను తెరచాప పడవని చూసింది గోడ క్యాలెండరులో. బావ రోలరు అన్నాడు కాబట్టి నేను కొక్కేలు అన్నాను, అంతకుమించి కారణం లేదు. అయినా నోరు ఊరుకోదు కదా. “కొక్కెం కంటికి కనపడుతుంది సార్. డ్రమ్ములో ఏం జరుగుతోందో బయటికి కనపడదు.” బావ నవ్వాడు. “ఒరేయ్, నీకు అర్థం కానిదల్లా కనపడనట్టే.” నాన్న కూడా నవ్వాడు. కన్నతండ్రి! ముందు రోలరుతో చూద్దామని తేల్చారు కెప్టెన్ గారు.

బావ ఆ డ్రమ్ము మీద రెండు వారాలు కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అందంగా వచ్చింది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగేది. పనికొచ్చిన ప్రతివాడూ ఒకసారి తిప్పి, “ఇంజినీరు చెయ్యి!” అని తల ఊపి పోయేవాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. డ్రమ్ము చుట్టూ తన పేరు అక్షరాలు ఇనప పంచ్‌తో కొట్టుకున్నాడు. నేను అప్పటికి చాప కుట్టడం పూర్తిచేశాను. అంచులో తీగ పెట్టి, మూలల్లో నాలుగేసి పొరల గుడ్డ వేసి, నాలుగు వరసల కుట్టుతో. దాన్ని వేలితో తిప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. (చాపని ఎవరు తిప్పుతారు అనకండి. ఆ బాధ పడినవాడికే తెలుస్తుంది.) ఆ కుళ్ళులో ఒక పని చేశాను. జానెడు ఎర్రగుడ్డ ముక్క మీద పసుప్పచ్చ దారంతో నా పేరు కుట్టి, దాన్ని చాప అడుగు మూలన, సరిగ్గా డ్రమ్ము పైన, వేలాడేటట్టు తగిలించాను. ఎవరైనా వంగి బావ పేరు చదివితే ముందు నా పేరు మొహానికి తగలాలని.

ఆ గుడ్డ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పడవకి బిగించేటప్పుడు కెప్టెన్ గారి భార్య చూసి, “జెండా బాగుంది,” అన్నారు. అంతే.

పడవని పరీక్షించే రోజు పదింటికి వాడరేవు నుంచి చిన్న మోటారుతో కెరటాలు దాటి లోపలికి వెళ్ళాం, వాళ్ళిద్దరూ, మేమిద్దరం. నేల తెలిసిన కాళ్ళకి సముద్రం అర్థం కాదు. అరగంటలో బావ మొహం పచ్చిమిరపకాయ రంగుకొచ్చింది. నాకు కడుపులో తిప్పుతున్నా బావ కక్కేదాకా కక్కకూడదని పళ్ళు బిగబట్టుకు కూర్చున్నాను, నెగ్గాను కూడా. కానీ రోలరు? కెప్టెన్ గారు తాడు వదిలితే చాప విచ్చుకునేది, లాగితే చుట్టుకునేది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. “శభాష్!” అన్నారాయన. ఆయన భార్య తనే కూర్చున్నచోటు నుంచి లాగి చూసి చిన్నపిల్లలా నవ్వారు. బావ కక్కుకుంటూనే తల ఎత్తి నావైపు చూశాడు. ఆ చూపుకి నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ‘ప్రభువా, ఒక్కసారి పట్టెయ్యనీ,’ అని మనసులో అనుకున్నాను. సముద్రం మధ్యలో కూర్చుని పడవ పాడవాలని ప్రార్థన చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

మధ్యాహ్నమవుతుండగా గాలి లేచింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. కెప్టెన్ గారు చాప చుట్టేద్దామని తాడు లాగారు. సగం చుట్టుకుంది. ఆగింది. మళ్ళీ లాగారు. కదల్లేదు. మిగిలిన సగం చాప గాలికి ధన్ ధన్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి నా సంతోషమంతా ఎటుపోయిందో పోయింది. ఆయన లేవబోయారు. భార్య చొక్కా పట్టుకుని, “మీరు కదలద్దు!” అని అరిచారు. ఆ కోపం వాడరేవు వడ్రంగుల నుంచి మా దాకా అందరికీ తగిలింది.

“నాది డ్రమ్ము, నేను చూస్తా,” అని బావ పాకడం మొదలుపెట్టాడు, “యేసయ్యా, యేసయ్యా” అనుకుంటూ. అప్పుడు దూరం నుంచే నాకు కనపడింది. డ్రమ్ము నోట్లో ఎర్రగా ఏదో. బావ వెనకాలే నేనూ పాకాను. సాయం చేయడానికని అక్కడున్న ముగ్గురూ అనుకున్నారు. ముందుకి వెళ్ళేసరికి ఒక కెరటం మమ్మల్ని నిలువెల్లా తడిపేసింది. బావ కళ్ళు మూసుకుని ఒక చేత్తో కొయ్యనీ, రెండో చేత్తో నా కాలినీ పట్టుకున్నాడు. “ఒరేయ్, పడిపోకురా! మీ అమ్మకి నేనేం చెప్పనురా!” ఇంతలో కెప్టెన్ గారు చాపని పైకి లాగి పట్టే తాడు వదిలేశారు. చాపంతా డ్రమ్ము మీదా, మా ఇద్దరి మీదా కూలింది.

ఆ చాప కింద, తెల్లటి వెలుతురులో, నా పేరున్న ఎర్రగుడ్డని డ్రమ్ములోంచి పళ్ళతో పీకి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. బావ కళ్ళు తెరిచేసరికి డ్రమ్ము శుభ్రంగా ఉంది.

ఒడ్డుకి వచ్చాక ఎవరూ కోప్పడలేదు. అదే ప్రాణం తీసింది. “మొదటిసారి కదయ్యా, చూద్దాంలే,” అన్నారు కెప్టెన్ గారు. చీరాలలో గుంటూరు బస్సెక్కాం. బావ కిటికీ పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. బాపట్ల దాటినా క్యారేజీ మూత తీయలేదు. నేను గెలిచాను. ఇన్నేళ్ళూ కోరుకున్నది జరిగింది, నలుగురి ముందు, పట్టపగలు. మరి ఆ పులిహోర క్యారేజీ నేనైనా తెరవనేం?

“అమ్మ రేపు ఆదివారం దీని గురించి సాక్ష్యం చెప్తానంది,” అన్నాడు బావ, బయటికి చూస్తూ. “వద్దని చెప్పాలిరా. నువ్వు చెప్తావా? నేను చెప్పలేను.”

ఇంక తట్టుకోలేకపోయాను. జేబులోంచి ఎర్రగుడ్డ తీసి అతని ఒళ్ళో పెట్టాను. బావ దాన్ని విప్పి, సగం చిరిగిన నా పేరు చదివి, గ్రీజు మరక చూసి, డ్రమ్ము తాడు ఒరుసుకున్న చోటు వేలితో తడిమాడు. అతనికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. పైన అరలోంచి క్యారేజీ తీసి నా నెత్తిన ఒక్కటి వేశాడు. బస్సంతా తిరిగి చూసింది. “ఏందిరా నీకు? ఏందిరా నేను నీకు చేసింది?” “అందరూ నిన్నే మెచ్చుకుంటారు బావా,” అన్నాను. ఇరవై మూడేళ్ళవాడి నోటివెంట ఆ మాట ఎంత చిన్నపిల్లాడి మాటలా వచ్చిందో. వెనక సీటు ముసలమ్మ “పాపం” అంది. ఎవరినో తెలియదు.

పొన్నూరులో బస్సాగగానే బావ దిగి, కెప్టెన్ గారు దిగిన చోటికి ఫోను చేయడానికి ఎస్టీడీ బూతులోకి దూరాడు. నేనూ వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. “సార్, రోలరు తప్పు కాదండి. మా వెధవ గుడ్డముక్క ఇరుక్కుంది,” అని అరుస్తున్నాడు. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. ఫోను పెట్టేసి వచ్చి నావైపు చూడకుండా చెప్పాడు. రోలరు భేషుగ్గా ఉందట. అందుకని పెద్ద చాపకి పెట్టుకుంటారట, దానికి తగ్గ పెద్ద డ్రమ్ము చేయమన్నారట. చిన్నచాపకి మాత్రం కొక్కేలే. “గుడ్డ ఇవాళ మీవాడిది, రేపు ఇంకోటి ఇరుక్కుంటుంది. గాలి ముదిరినప్పుడు వాడే చాప అది, అందులో తిరిగేవేవీ ఉండకూడదు. కొక్కెం కంటికి కనపడుతుందని మీవాడు మొదటిరోజే చెప్పాడుగా,” అన్నారట. వాళ్ళావిడ అడ్డుపడితే, ఆ చిన్నచాప కొయ్యకి దగ్గర్లోనే ఉంటుంది, కొయ్యని పట్టుకునే దించచ్చు, అంత ముందుకి పాకక్కర్లేదని ఒప్పించారట.

అంటే నేనే గెలిచాను, ఈసారి న్యాయంగా. ఆ సంతోషం గుంటూరు దాకా ఉంది. మర్నాటి నుంచి బావ నాతో మాట్లాడటం మానేసి, ఆ కొక్కేలు తనే చేయడం మొదలుపెట్టాడు. ఇత్తడితో, చిన్న నాలుకా స్ప్రింగూ పెట్టి, ఒంటిచేత్తో నొక్కితే తెరుచుకునేలా. నేను వాటిని ఒక్కోటీ చాపకి కుట్టాను. కెప్టెన్ గారు వచ్చి, ఒక కొక్కేన్ని తీగకి తగిలించి, తీసి, మళ్ళీ తగిలించి, “నగలా ఉందయ్యా!” అన్నారు. నగ! దాన్ని పట్టి ఉంచిన నాలుగు వరసల కుట్టు వైపు ఎవరూ చూడలేదు. అత్త సాక్ష్యంలో ఈసారి డ్రమ్ము, కొక్కేలు రెండూ వచ్చాయి. అమ్మ మోచెయ్యి మామూలే. మొహం తిప్పుకుంటే అవతలి బల్ల మీంచి బావ నన్నే చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. రెండు నెలల మౌనం అక్కడితో సరి.

ఆ పడవ కాకినాడ దాకా వెళ్ళినట్టు ఒక కార్డు వచ్చింది. ‘చిన్నచాప బాగా పనిచేస్తోంది’ అని రాశారు. ఎవరి పనో రాయలేదు. ఆ మెప్పు నాదంటే నాదని మేం కొన్నాళ్ళు వాదించుకున్నాం.

తర్వాత కొన్నేళ్ళకి బావ ఒంగోలు వెళ్ళిపోయాడు, గ్రానైట్ కోసే మిషన్ల పని మీద. ఎదురుగా లేత్ మూసేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ఇప్పుడు ఈ బజార్లో నన్ను మించినవాడు ఎవడూ లేడు. హాయిగా ఉండాల్సింది. కానీ ఈమధ్య ఒక పట్టా మడత పెడుతుంటే కంటపడింది, నాలుగు వరసలు కుట్టేవాణ్ణి రెండుతో సరిపెడుతున్నాను. ఎప్పటినుంచో నాకే తెలియలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే బావకి ఫోను చేశాను.

“ఏరా, బాగున్నావా?” అన్నాడు.

“నా సంగతికేం గానీ, నువ్వీమధ్య కొత్తగా ఏం చేశావు బావా?”

చెప్పాడు. రాయి పలకల్ని పగలకుండా ఎత్తే క్రేను చేయి ఏదో కనిపెట్టాడట, చుట్టుపక్కల క్వారీలవాళ్ళంతా వచ్చి చూసి పోతున్నారట. వింటుంటే గుండెల్లో సన్నగా, పాత చుట్టంలా, ఆ మంట రాజుకుంది. ఫోను పెట్టేసి మిషను దగ్గరికి లాక్కుని, ఆ పట్టాకి మూడో వరస మొదలుపెట్టాను.