కడిగిన సీసా

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానాకాలం. అప్పుడు నేను మోత్కూరు పక్క మండలంలో వ్యవసాయ అధికారిని. ఆ కుర్చీలో కూర్చుంటే ఇన్‌సెక్టిసైడ్ ఇన్‌స్పెక్టర్ పని కూడా నెత్తిన పడుతుంది. అంటే పురుగుమందుల దుకాణాలు తనిఖీ చేసి, తప్పు చేసినవాళ్లను కోర్టుకు లాగాలి. మందును కంపెనీ డబ్బాలోంచి తీసి, లేబుల్ లేని సీసాల్లో పోసి అమ్మితే నేరం. జైలు కూడా పడొచ్చు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆ మండలంలోనే ఓ ఊళ్లో మందుల దుకాణం నడిపే నర్సింలు ప్రతిసారీ "అట్లనే మేడం" అంటూ చాయ్ తెప్పించేవాడు.

అదే ఊళ్లో సత్తయ్యకు మగ్గంతోపాటు కాస్త పత్తి చేను ఉంది. చిన్న చేనుకు నిండు డబ్బా ఎందుకని కూల్‌డ్రింక్ సీసా పట్టుకెళ్లి నర్సింలు దగ్గర మందు పోయించుకున్నాడు. కొట్టగా మిగిలింది తెచ్చి ఇంట్లో గూట్లో పెట్టాడు. పక్కనే మంచినీళ్ల సీసా, అదీ అదే రకం! మర్నాడు మగ్గం మీదినుంచి లేచి, చేతికందిన సీసా ఎత్తి గుటక వేశాడు. నర్సింలే తన బండిలో భువనగిరి దవాఖానకు తీసుకెళ్లాడు. ఎలాగో బతికాడు.

అతను ఇంటికొచ్చి మళ్లీ మగ్గమెక్కాక వాంగ్మూలం కోసం వెళ్లాను. "ఆ సీసా ఏది?" అని అతని భార్య బాలమణిని అడిగాను. అందులో మిగిలిన మందు ల్యాబుకు పంపితే కేసు గట్టిపడుతుంది.

"మందు మోరీల పారబోసిన మేడం. సబ్బుబెట్టి, బూడిద బెట్టి సీసా మంచిగ కడిగిన," అంది గర్వంగా.

తల కొట్టుకోవాలనిపించింది. సాక్ష్యం మురుగుకాలువ పాలు!

"పోనీ సత్తయ్యా, నర్సింలే పోసిచ్చిండని సంతకం పెట్టు."

"పెట్ట మేడం. ఆయన లేకుంటె నేను సచ్చేటోన్ని. బతికిచ్చినోన్ని జైలుకు పంపుతనా?"

"మరి నిన్ను చంపబోయింది ఎవరయ్యా?"

"మేం అడిగితెనే గద పోసిండు. గింత దానికి కోర్టా?"

ఒళ్లు మండిపోయింది. ఊళ్లో ఎవరిని కదిపినా ఇదే పాట. నర్సింలు మంచోడట! మంచోడు కాబట్టే అందరూ అతని దగ్గరే సీసాలు నింపించుకుంటున్నారు.

"ఎండల వచ్చిండ్రు, జర నీళ్లు తాగుండ్రి," అంటూ బాలమణి ఓ సీసా తెచ్చింది. చూస్తే కూల్‌డ్రింక్ సీసా.

"ఇది... అదేనా?"

"కడిగిన అంటున్న గద. ఫికర్ జేయకుండ్రి. నేను తాగుత సూడుండ్రి," అని మూత తీసి ఎత్తింది.

నేను చెయ్యి చాచేలోపే మగ్గం గుంటలోంచి సత్తయ్య ఒక్క ఉరుకు ఉరికాడు. "తాగకే! తాగకు!" అతను కొట్టిన దెబ్బకు సీసా ఎగిరి మగ్గం మీద పడింది. నేస్తున్న చీర తడిసిపోయింది. అతను అటు చూడను కూడా లేదు. భార్య మూతిని తువ్వాలతో తుడుస్తున్నాడు.

"ఒక్క సుక్క గూడ తాగలే," అంది ఆమె బిత్తరపోయి.

తువ్వాల భుజాన వేసుకుని అతనే అడిగాడు. "ఏడ పెట్టాలె మేడం సంతకం?"

ఆ వాంగ్మూలంతో, దుకాణం వెనక దొరికిన గరాటుతో, నింపిపెట్టిన సీసాలతో కేసు నిలబడింది. నర్సింలుకు జైలు పడింది. తీర్పు రోజు కూడా, "నేను ఏం తప్పు జేసిన మేడం?" అని నన్నే అడిగాడు. ఏం చెప్పను, నా కర్మ!

అప్పటినుంచి రైతుల మీటింగుల్లో సెక్షన్లు చదవడం మానేశాను. జైలనేది పక్కోడికి పడేదే అనుకుంటారు అందరూ. ఇప్పుడు నీళ్లు నింపిన కూల్‌డ్రింక్ సీసా ఒకటి పట్టుకెళ్తాను. "ఇది మందు పోసిన సీసా అనుకో. మంచిగ కడిగిన. ఇంటికి తీస్కపొయి నీ పెండ్లానికి తాపుతవా?" అని ముందు వరుసలో వాళ్లకు చాపుతాను.

ఇంతవరకూ ఒక్కరూ చెయ్యి చాచి తీసుకోలేదు.