చేతికే అందించే మనిషి

రేణిగుంట గోడౌన్‌లో సుందరరాజు ఏ వస్తువునూ విసరడు. తాళంచెవైనా, టేపుచుట్టయినా తానే నడిచివెళ్ళి ఎదుటివాళ్ళ అరచేతిలో పెడతాడు. ఆరున్నర అడుగుల మనిషి. లారీలు దూరే గేటు కింద కూడా తల వంచుకునే పోతాడు. కూర్చుంటే కుడి మోకాలు పట్టేస్తుంది, రుద్దుకుంటూ లేస్తాడు. ఒకప్పుడు చెన్నైలో బాస్కెట్‌బాల్ లీగు ఆడేవాళ్ళలో ఆయనది పెద్ద పేరు. ఆ పేరు తెచ్చింది ఒక్క ఫైనల్. ఆఖరి క్షణాల్లో బంతి ఆయన చేతిలో ఉంది. బుట్ట కింద ఎడమపక్కన, ఎవరూ అడ్డం లేకుండా నిలబడిన తన జట్టువాడు గిరి "సుందరా, ఈడుండా! నాకెయ్‌రా!" అని అరిచాడు. విన్నాడు. విని కూడా తానే కొట్టాడు. బంతి పడింది, కప్పు వచ్చింది, పేపర్లో ఫొటో వచ్చింది. గురి తప్పి ఉంటే నాలుగు తిట్లు తిని మరిచిపోయేవాడేమో. మరుసటి ఏడాది, ఏ పేరూ రాని గిరిని జట్టు వద్దనుకుంది. లారీ తోలుకుని బతుకుతూ గిరి నాయుడుపేట దగ్గర హైవే మీద ప్రమాదంలో పోయాడు.

మొన్న మధ్యాహ్నం అట్టపెట్టెల వెనకనుంచి లోడింగు మునిశేఖర్ చెయ్యెత్తి, "అన్నా, ఈడుండా! టేపు యెయ్!" అని కేకేశాడు. సుందరరాజు టేపుచుట్టను రెండు చేతులా గుండెల దగ్గరికి లాక్కుని విసిరాడు. అది మునిశేఖర్ వైపు కాక, ఎవరూ లేని ఎడమ మూలకు దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. "నేనీడుంటే ఆడికేసినావేందన్నా?" అన్నాడు మునిశేఖర్ బిత్తరపోయి. సుందరరాజు చాచిన చేతులు ఇంకా దించలేదు. ఆ మూలవైపే చూస్తూ, "వానికెవురూ అడ్డం లేరప్పా," అన్నాడు.