నర్సు కావాలని అడిగిన పూట

మొన్న డాక్టరు చదివిన మా మనవరాలు కొత్త ఆసుపత్రిలో చేరబోతూ, డ్యూటీ గంటల గురించీ సెలవుల గురించీ వాళ్ళతో ఫోనులోనే గట్టిగా వాదించి తన మాట నెగ్గించుకుంటుంటే, పక్క గదిలో వింటూ కూర్చున్న నా మనసు మార్కాపురం వైపు పోయింది. మన రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, ఆ తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, అక్కడి వర్తకులు చందాలు వేసుకుని ఆడవాళ్ళకోసం చిన్న ఆసుపత్రి కట్టించి, లేడీ డాక్టరు కావాలని గిద్దలూరులోని మా ఇంటికి కబురు పంపారు. అప్పుడే డాక్టరు చదువు ముగించిన నన్ను నాయన వెంటబెట్టుకుని రైలెక్కాడు.

పలకల వ్యాపారం చేసే పెద్దాయన ఇంటి వసారాలో అందరూ నాయనతోనే మాట్లాడారు. మూడేళ్ళదాకా మానకూడదు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, ఎప్పుడు పిలిచినా వెళ్ళాలి అని వాళ్ళు చెబుతుంటే, నాయన పిల్లను అత్తవారింటికి పంపేవాడిలా అన్నిటికీ తలూపాడు. నాకున్నది ఒక్కటే షరతు. కాన్పుల పని తెలిసిన నర్సు తోడుండాలి, లేకుంటే చేరకూడదని రైల్లోనే నిశ్చయించుకున్నాను. నేనే కలగజేసుకుని ఆ మాట చెప్పాను.

"నర్సు ఏందమ్మా, నువ్వుండావు గదా! ముందు చేరు, తర్వాత చూద్దాంలే," అన్నాడు పెద్దాయన.

"నర్సు వస్తేనే చేరతాను పెద్దనాయనా," అన్నాను. నాయన ముఖం చిన్నబోయింది.

అంతలో పెద్దాయన భార్య తలుపు చాటునుంచి నన్ను లోపలికి పిలిచింది. చాప మీద నెలలు నిండిన కోడలు కూర్చుని ఉంది.

"పోయినసారి బిడ్డ అడ్డం తిరిగి, బండిలో రైలు స్టేషనుకు తీసకపోతాంటేనే సచ్చిపోయినాడు. మావోళ్ళు ఏమన్నా సరే, నువ్వు మాత్రం పోబాక తల్లీ," అంది ఆవిడ.

కడుపు తడిమి చూశాను. ఈసారీ అడ్డమే. చేతులతో మెల్లగా తిప్పితే తల కిందికి వచ్చింది గానీ, మళ్ళీ తిరగదన్న నమ్మకం లేదు; కాన్పయ్యేదాకా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు.

బయటికి వచ్చి అన్నిటికీ ఒప్పుకున్నాను. ఎందుకు మనసు మార్చుకున్నానో పెద్దాయనకు తెలియనే తెలియదు.

ఆ కోడలు క్షేమంగా ఆడపిల్లను కన్నది. నర్సు మాత్రం రాలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను వేరే వీధిలో కాన్పు చేస్తుండగా, పుల్లలచెరువు వైపునుంచి గొర్రెలు కాసుకునే మనిషి, రక్తం ఆగని బాలింత భార్యను ఎద్దుల బండిలో తెచ్చి, తాళం వేసిన ఆసుపత్రి ముందు దింపాడు. కబురు అందినా, సగం పుట్టిన బిడ్డను వదిలి ఎలా వెళ్ళను? పరుగున చేరేసరికి అరుగంతా రక్తం, ఆమెలో ప్రాణం లేదు.

"ఈడ ఎవురూ ఉండరా అమ్మా? శానాసేపు పిలిచినా," అన్నాడతను. ఆ గొంతులో కోపం లేదు, అందుకే మరీ తలెత్తలేకపోయాను.

పెద్దాయనతో పోట్లాడాలనే వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను.

"నర్సు కోసం యాడ్యాడో అడిగించినానమ్మా. మన పక్కకు వచ్చేదానికి ఎవురూ ఒప్పుకోల్యా. నన్నేం చేయమంటావు?" అన్నాడు కండువాతో కళ్ళొత్తుకుంటూ.

నా గడువు తీరేదాకా నేనొక్కదాన్నే.

ఇప్పుడు మార్కాపురంలో ఎటు చూసినా ఆసుపత్రులే, పిలిస్తే అంబులెన్సులే. డాక్టరు చదివిన ఆడపిల్లలు తమ షరతులు తామే మాట్లాడుకుంటున్నారు, కుదరకపోతే నవ్వుతూ లేచి వస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. కాదనే నోరు మా తరానికీ ఉండేది. కాదని లేచి వచ్చేస్తే, ఆ ఊరికి వెళ్ళే మనిషి మరొకరు ఉండేవారు కాదు.