చిటికెన వేలంత సందు

మా వదిన పోయిందని మా ఆయన దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను షాపులోనే ఉన్నాను. అప్పుడే షట్టర్ సగం ఎత్తి, పటాల ముందు దీపం పెట్టి, టేబుల్ మీద ఉన్న కంప్యూటర్ మీది గుడ్డ తీయబోతున్నాను. ఆయన "అక్క..." అన్నాడు. అంచు వరకు ఎత్తిన గుడ్డను మళ్లీ మెల్లగా కప్పేశాను. షట్టర్ దించాక తాళం వేయబోతే తాళంచెవి కన్నంలోకి పోలేదు. పక్క దుకాణం ఆమె వచ్చి వేసి, తాళంచెవి నా కొంగుకు కట్టింది.

వదిన మా ఆయనకు సొంత అక్క. మట్టెవాడలో కంప్యూటర్లు బిగించే అమ్మ అంటే మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. విడి భాగాలు తెప్పించి, ఖాళీ క్యాబినెట్‌లో ఒక్కొక్కటిగా కూర్చి, ఎవరికి ఎలాంటి కంప్యూటర్ కావాలో అలాంటిది తయారు చేసి ఇచ్చేది. అంతకుముందు అదే షాపులో ఆమె భర్త, నేను అన్నయ్య అని పిలిచే ఆయన, రైతుల బావి మోటార్లకు వైండింగ్ చేసేవాడు. రాగి తీగ చుట్టలను నూలు దారంతో బిర్రుగా గుంజి కట్టే పని వదినది. అన్నయ్య పోయాక ఆమె మెల్లగా కంప్యూటర్ల పని నేర్చుకుంది కానీ దారాన్ని మాత్రం వదల్లేదు. అందరూ ప్లాస్టిక్ పట్టీలతో కేబుళ్లు బిగిస్తే, ఆమె మైనం రాసిన నూలు దారంతో కట్టేది. ప్లాస్టిక్ పట్టీని కోసిన చోట కొస బ్లేడులా ఉంటుంది. రేపు ఎవరు మూత తీసి చెయ్యి పెడతారో వాళ్ల వేలు తెగొద్దని ఆమె పట్టు.

ఆ షాపుకు ఆమె నన్ను రమ్మన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. ఎందుకంటే నాకు కరెంటంటే భయం. నేను బడికి పోయే రోజుల్లో, కేసముద్రం దగ్గర మా చేను కాడ, బావి మోటారు స్టార్టర్ డబ్బాలోంచి ఊడి వేలాడుతున్న వైరు తగిలి మా నాయన చనిపోయాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని గట్టు మీద నడిచి పోతున్నాను. ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టి మామూలుగా నిలబడినట్టే ఉన్నాడు. పిలిచాను. పలకలేదు. దగ్గరికి పోతుంటే పక్క చేను ఆయన అరుచుకుంటూ వచ్చి నన్ను వెనక్కి గుంజాడు.

అప్పటి నుంచి వేలాడే వైరు ఏది చూసినా నా కాళ్లు ఆగిపోతాయి. పెళ్లై వచ్చాక కూడా చాలా రోజులు స్విచ్చును వేలితో వేయలేదు, కట్టె గంటెతో వేసేదాన్ని. వదిన మొదటిసారి చూసినప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఏమే మరదలా, లైటు వేస్తానవా, పప్పు కలుపుతానవా?"

నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఎందుకని అడిగితే మా నాయన సంగతి చెప్పాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ గంటె మాట ఎత్తి నవ్వలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు స్విచ్చు బోర్డుల కాడికి పోయి, వదులైన మరలు బిగించి, అప్పుడు చాయ్ తాగేది.

ఒక శుక్రవారం నేను అమ్మవారికి మల్లెపూలు కడుతుంటే పక్కన కూర్చుంది.

"గంత వదులుగ కడ్తానవ్, జారత లేదేందే?"

"గట్టిగ గుంజితె పువ్వు నలుగుతది వదినె. దారం పువ్వును పట్టుకోవాలె గని పిసకొద్దు."

దండను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "రేపటి సంది షాపుకు రా," అంది. "మోటార్లు కట్టి కట్టి నాకు గుంజుడే అలవాటైంది. కేబుల్‌ను అట్ల గుంజొద్దు. నీ చేతులు గావాలె నాకు."

"నాకు భయం వదినె."

"ఎరికే. భయం లేనోళ్లు శానామంది వచ్చిపోయిండ్రు ఈడికి. సూడకుంటనే మూత పెడుతరు. నువ్వు సూస్తవు."

అట్లా పోయాను. భయం పోతుందేమో అనుకున్నాను కానీ పోలేదు. పని మాత్రం వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు ఆమె క్యాబినెట్ ఇనుమును అరచేత్తో ముట్టుకునేది. దండం పెడుతోందనుకుని నేనూ ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాను. "మొక్కుడు గాదే పిచ్చిదానా, ఒంట్ల ఉన్న కరెంటు పోవాలెనని," అని పడి పడి నవ్వింది. అయినా నేను అద్దుకోవడం మానలేదు. ఆమె కూడా మానమనలేదు. "నువ్వు మొక్కు, నేను ముట్టుకుంట. పని మంచిగైతె సాలు" అనేది.

కేబుళ్లన్నింటినీ వెనక పక్కకు తీసి, మదర్‌బోర్డు చాటున వరుసగా పోనిచ్చి, ఏది ఎక్కడ కావాలో అక్కడ మళ్లీ ముందుకు తెచ్చేది. ఫ్యాను ముందర ఒక్క వైరు అడ్డం ఉన్నా ఊరుకునేది కాదు. "దానికి ఊపిరాడాలె గదనే" అనేది. నేను కట్టిన ప్రతి ముడి కిందా తన చిటికెన వేలు పెట్టి చూసేది. వేలు పోతే సరే, పోకపోతే విప్పాల్సిందే. తాను కట్టిన వాటికీ అదే లెక్క. అసలు ఆ పరీక్ష తన కోసమే పెట్టుకుంది, గుంజే చెయ్యి కనుక. ఒక్కోసారి తన ముడి కింద వేలు పోక తనను తానే తిట్టుకునేది. "ఇగో, మోటారోళ్ల చెయ్యి మళ్ల వచ్చె!"

ఒకసారి ఎవరో వేరే చోట బిగించిన కంప్యూటర్ పట్టుకొచ్చారు, ఊకె ఆగిపోతోందని. వదిన మూత తీసింది. లోపల గ్రాఫిక్ కార్డుకు కరెంటు ఇచ్చే లావు కేబుల్ ప్లగ్గు కరిగి, నల్లగా ముద్ద కట్టి ఉంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు చేను కాడి స్టార్టర్ డబ్బా యాదికొచ్చింది. లేచి బయటి మెట్ల మీద కూలబడ్డాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. భయపడొద్దు అని చెప్పలేదు. నా చెమట తన కొంగుతో తుడిచి, "ఈ వాసన మర్సిపోకు," అంది. "ప్లగ్గు పూరా లోపటికి పోలేదు, గంతే. నడుస్తనే ఉంటది. ఒక్కరోజుల గాదు, మెల్లమెల్లగ కరుగుతది. ప్లగ్గు పెట్టినప్పుడు టక్కుమనాలె. చెవికి ఇనబడాలె, వేలికి తెల్వాలె. రెండు అయితెనే పెట్టినట్టు."

కొత్త మిషన్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బటన్ నాతోనే నొక్కించేది. వైండింగ్ షాపులో అన్నయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది: కొత్తదానికి కరెంటు ఇస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. రెండు చేతులూ ఇనుము మీద ఉంటే, ఏదైనా జరిగినప్పుడు కరెంటు గుండెల నుంచి పోతుందట. నేను కుడి చేతి వేలు బటన్ మీద పెట్టి, ఎడమ చెయ్యి వెనక్కి మడిచి, అమ్మవారిని తలుచుకునేదాన్ని. "అమ్మవారిని ఎంతసేపు నిలవెడ్తవే, ఆమెకు వేరే పనుంటది. నొక్కు!" అనేది వెనక నుంచి. అంటూనే, వెనక ఉన్న నా ఎడమ చేతిని తన చేతితో పట్టుకునేది. ఎన్ని మిషన్లకు ఎన్నిసార్లు పట్టుకుందో. ఒక్కసారీ పట్టుకుంటున్నానని చెప్పలేదు, నేనూ పట్టుకోమని అడగలేదు.

ఆఖరి మిషన్ పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒక అమ్మాయిది. ఒక్కటే గదిలో కాపురం. రాత్రంతా కంప్యూటర్ నడుస్తూ ఉండాలట. చంటిపాప ఆ టేబుల్ పక్కనే పడుకుంటుందట. ఆ రోజు నాకు జ్వరం వచ్చి షాపుకు పోలేదు. వదిన ఒక్కతే కేబుళ్లన్నీ కట్టి, కరెంటు ఇవ్వకుండా గుడ్డ కప్పి, "రేపు నువ్వు వచ్చినంక బటన్ నొక్కుదాం" అని ఫోన్ చేసింది. తెల్లారి ఇంట్లో మొహం కడుక్కుంటూ పడిపోయింది. పక్షవాతం అన్నారు. దవాఖానలో మళ్లీ కళ్లు తెరిచింది కానీ మాట్లాడలేదు. ఆ మిషన్ పని చూద్దామని నేను షట్టర్ ఎత్తిన పొద్దునే మా ఆయన ఫోన్ వచ్చింది.

దినాలు అయ్యాక ఆ అమ్మాయి పాపను చంకన వేసుకుని షాపుకు వచ్చింది. మా ఆయన ఆ రోజు ఎనుమాముల మార్కెట్ యార్డులో తూకం వేసే కాంటా పని మానుకుని నాతోనే ఉన్నాడు.

"పెద్దమ్మనే కట్టింది గద అత్తమ్మా," అంది ఆ అమ్మాయి. "ఇంకేం సూసుడున్నది. గట్లనే ఇయ్యి, కొంటపోత. పనంత ఆగిపోయింది."

ఇద్దామనే నేనూ అనుకున్నాను. నిజానికి ఆ గుడ్డ తీయాలంటేనే నాకు భయంగా ఉంది. కానీ కరెంటు ఇచ్చి చూపకుండా మిషన్‌ను గడప దాటించడం ఆ షాపులో లేదు. గుడ్డ తీశాను. ఇనుము ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాను. వెనక మూత తీశాను. వరుసగా, తిన్నగా, తెల్లటి ముడులు. ఒక్కొక్క ముడి కింద చిటికెన వేలు పెట్టి చూస్తూ వచ్చాను. పోయింది, పోయింది. ముందు పక్క, గ్రాఫిక్ కార్డు లావు కేబుల్ దగ్గర ఆగిపోయింది.

మళ్లీ పెట్టాను. గోరు కూడా దూరలేదు. దారం కేబుల్‌లోకి దిగబడి ఉంది. ఆ గుంజుడుకు కేబుల్ పక్కకు వంగింది. నేను వంగి చూస్తే ప్లగ్గు ఒక పక్క గోరంత పైకే ఆగి ఉంది.

వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఏమైందే?" అన్నాడు మా ఆయన.

"వేలు పోతలేదు. ఈ ముడి ఇప్పాలె."

ఆయన మొహం మారిపోయింది. "అది మా అక్క ఆఖరి ముడి. దాన్ని ముట్టకు."

"ప్లగ్గు గూడ లోపటికి పోలేదయ్యా."

"మా అక్క పని తప్పంటవా? గిన్ని మిషన్లు కట్టింది, ఒక్కటన్న వాపస్ వచ్చిందా?"

"రాలే."

"మరి?"

నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదు. ఆయన దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. "మొన్న అక్క చేతిల నుంచి చాయ్ గిలాస జారింది యాదికున్నదా? ఎడమ కాలి చెప్పు ఊకె ఊడిపోతాందంటె కొత్త జత తెచ్చిస్తివి గద. ఆ జబ్బు అప్పుడే మొదలైంది, అక్కకు వేలు తెల్వలేదయ్యా. టక్కుమన్నదనుకున్నది. సందు ఉన్నదనుకున్నది."

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. "ఎవ్వలకు చెప్పకపాయె," అన్నాడు.

నన్ను భయపెట్టింది కరిగే ప్లగ్గు ఒక్కటే కాదు. ఆ మధ్యాహ్నం ఈ టేబుల్ మీద వంగి, ఒక్కతే, ముడి కింద వేలు పెట్టి చూసుకుని ఉంటుంది. వేలు పోయిందో ఆగిందో ఆ వేలికే తెలియలేదు. ఇంకొంచెం గుంజి ఉంటుంది. తెలియడం లేదని తెలిసిందా? తెలిసి భయపడిందా? నా భయాలన్నీ ఆమెకు చెప్పుకున్నాను. ఆమె ఆ రోజు ఎవరికి చెప్పుకుంది?

"వద్దులే అత్తమ్మా, ఇంకో రోజు వస్త," అంది ఆ అమ్మాయి.

"లేదు బిడ్డా, కూసో. పాప పండేటి జాగ గది."

మా ఆయన లేచి వెతికి కత్తెర తెచ్చి నా ముందు పెట్టాడు. మొహం అటు తిప్పుకుని, "తొందరగ కొయ్యి," అన్నాడు.

"కొయ్యను. ఇప్పుత."

మైనం పట్టిన ముడి అంత సులువుగా రాలేదు. పూలు గుచ్చే సూదితో ఒక్కొక్క మెలిక లేపాను. దారం ఊడి రాగానే కేబుల్ తనంత తానే తిన్నగా అయింది. ప్లగ్గును లోపలికి ఒత్తాను. టక్కుమంది. నా చెవికి వినబడింది, వేలికి తెలిసింది. కొత్త దారం తీసి, పువ్వును పట్టినట్టు పట్టి, ముడి వేశాను. చిటికెన వేలు పోయింది.

ఇక బటన్ నొక్కాలి. పాప ఏడుస్తుంటే మా ఆయన ఎత్తుకుని మెట్ల మీదికి పోయాడు. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. నా వెనక ఎవరూ లేరు. కుడి చేతి వేలు బటన్ మీద పెట్టాను. ఎడమ చెయ్యి వెనక్కి మడిచాను. అమ్మా భద్రకాళీ అనుకున్నాను. అలాగే ఉండిపోయాను. నొక్కమని వెనక నుంచి ఎవరూ అనలేదు.

చివరికి నొక్కాను.

ముందు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫ్యాన్లు ఒక్కొక్కటే మెల్లగా తిరిగాయి, తెర మీద వెలుగు వచ్చింది. ఏ వాసనా లేదు. "అయ్యిందా అత్తమ్మా?" అని ఆ అమ్మాయి అడుగుతోంది. అయినా నేను వెనక చేతిని ముందుకు తెచ్చుకోలేదు. అందులో వదిన దారం ఉంది. విప్పేశాక కూడా ఆమె గుంజిన వంకరలు పోలేదు, నా అరచేతిలో గట్టిగా ఒత్తుకుంటున్నాయి.