పాచికల మీద మైక్ హుదాక్

ఎమిల్ హుదాక్ గురించి మా కార్వెల్ ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు వాళ్ళ అన్న మైక్ సంగతే ఎత్తుతారు. "ఎవరూ, మైక్ తమ్ముడా?" అంటారు. ముప్ఫై ఏళ్ళు ఉక్కు మిల్లులో కొలిమి ముందు నిలబడి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. యాభై నాలుగేళ్ళకే డెబ్భై ఏళ్ళవాడిలా అయిపోయిన మనిషి. అయినా ఊరికి ఇంకా మైక్ తమ్ముడే. నాకైతే ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఎమిల్‌కి మాత్రం మండేది కాదు. తన గురించి ఎవరైనా అంతకంటే ఎక్కువ అడిగితేనే ఇబ్బంది పడేవాడు.

మా మిల్లుకి ఒకప్పుడు బేస్‌బాల్ జట్టు ఉండేది. నది పొడుగునా ఉన్న మిల్లు జట్లన్నిటినీ ఓడించి నాలుగు వేర్వేరు కాలాల్లో కప్పు తెచ్చింది. అందులో పంతొమ్మిది వందల నలభై తొమ్మిది నాటి జట్టుని తలుచుకోని ఇల్లు లేదు, అది మైక్ వల్లే. మైక్ బ్యాటింగుకి వస్తే పక్క ఊరివాళ్ళు కూడా తినడం ఆపేసి చూసేవాళ్ళట. ఎమిల్ అదే జట్టులో ఉన్నాడు కానీ ఆడింది తక్కువ, అన్న బ్యాట్లు మోసింది ఎక్కువ. కప్పు గెలిచిన ఆ చలికాలమే మైక్ కొలిమి దగ్గర కాలు జారి కరిగిన ఉక్కులో పడిపోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. పూడ్చడానికి ఏమీ దొరకలేదు. మిల్లువాళ్ళు ఆ ఉక్కు దిమ్మనే శవపేటికలో పెట్టి ఇచ్చారు. ఎమిల్ దాన్ని మొయ్యనన్నాడు. "అది ఉక్కు. మా అన్న కాదు" అని శ్మశానం గేటు బయటే నిలబడి, అందరూ పూడ్చి వచ్చేదాకా లోపలికి అడుగు పెట్టలేదు. ఇప్పటికీ పెట్టలేదు.

ఎనభై ఒకటి వేసవిలో బేస్‌బాల్ పెద్ద లీగు ఆటగాళ్ళు సమ్మెకి దిగారు. అప్పటికే మా మిల్లు మూతపడింది. ఊళ్ళో మగవాళ్ళంతా పనీ పాటా లేక అరుగుల మీద కూచుని రేడియోలో ఆట వింటూ రోజులు వెళ్ళబుచ్చుతుంటే, ఉన్న ఆ ఒక్క కాలక్షేపమూ పోయింది. మా బుల్లి రేడియో స్టేషన్‌లో ఆటలు చెప్పేవాడు గస్ ఫెరాంటీ. మహా వాగుడుకాయ. నోటికి పని లేకపోతే వాడికి అన్నం సయించదు. అందుకని ఒక టోర్నమెంటు పుట్టించాడు. మన మిల్లు నాలుగు జట్లూ ఒకదానితో ఒకటి ఆడితే ఎవరు గెలుస్తారు? చచ్చినవాళ్ళూ బతికున్నవాళ్ళూ ఒకే మైదానంలో.

ఆట అంతా పాచికల మీదే. పాత మిల్లు పత్రికలు తిరగేసి ఒక్కొక్క ఆటగాడికీ ఒక కార్డు తయారుచేశాడు గస్. బ్యాటింగు చేసే జట్టు మేనేజరు ఎర్ర పాచికా తెల్ల పాచికా వేస్తాడు. పడిన అంకెకి ఆటగాడి కార్డు మీద ఏముందో అదే జరిగినట్టు. దాన్ని గస్ ఎండా, దుమ్మూ, జనం కేకలూ కల్పించి కళ్ళకి కట్టినట్టు మైకులో చెబుతాడు. నాది చప్పుళ్ళ పని. బంతి బ్యాటుకి తగిలిందంటే అప్పడాల కర్ర మీద చెక్క స్కేలుతో ఠక్కున కొట్టాలి. జనం అరవాలంటే టేపు తిప్పాలి. ఇరవై ఏళ్ళు స్టేషన్‌లో ఉద్యోగం చేసి చివరికి నేను చేసిన ఘనకార్యం ఇది.

నలభై తొమ్మిది జట్టుకి మేనేజరు కావలసివస్తే, ఆ జట్టులో ఊళ్ళో మిగిలినవాడు ఎమిల్ ఒక్కడే. చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు లాక్కుంటూ, ముక్కులో గొట్టాలతో వచ్చాడు. ఇరవై తొమ్మిది నాటి జట్టుతో మొదటి ఆట. మైక్ కార్డు మీద మంచి అంకె పడింది. నేను ఠక్కున కొట్టాను. "మైక్ హుదాక్ రెండో బేస్ చేరాడు! టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంటున్నాడు!" అన్నాడు గస్.

ఎమిల్ మైకు ఉందని కూడా చూడకుండా అడిగాడు. "టోపీ సంగతి నీకెవరు చెప్పారు?"

గస్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవరూ చెప్పలేదయ్యా, కల్పించా. తప్పయిందా?"

"తప్పేం కాదు. మా అన్న అలాగే చేస్తాడు."

చేసేవాడు అనలేదు. చేస్తాడు అన్నాడు. ఇదేదో సరదాగా పోయే వ్యవహారం కాదని ఆ క్షణమే అనిపించింది.

అదే అయింది. ఎమిల్ మనిషి మారిపోయాడు. ఆట ఉన్న రోజున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కడుపునిండా తినేవాడట. ఆట లేని రోజున ముద్ద ముట్టేవాడు కాదట. ఆసుపత్రిలో చేరి ఊపిరితిత్తులకి వైద్యం చేయించుకోమని డాక్టరు ఎప్పణ్ణించో మొత్తుకుంటున్నాడు. "నేను మంచమెక్కితే మా అన్నని బ్యాటింగుకి ఎవరు పంపుతారు?" అని వాయిదా వేశాడు. ఏడింట నాలుగు గెలిచి ఇరవై తొమ్మిది జట్టుని ఇంటికి పంపాడు. ఫైనల్లో అరవై మూడు నాటి జట్టు. దానికి మేనేజరు రూడీ టోమిచ్. ఆ జట్టువాళ్ళు ఇంకా నలభైల్లోనే ఉన్నారు, అందరూ స్లోవాకియా నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న స్లోవాక్ క్లబ్బులో బీరు ముందు పెట్టుకుని రేడియో వింటారు. ఫైనల్ కూడా మూడూ మూడుగా వచ్చి ఆగింది. మిగిలింది ఒక్క ఆట.

ఆ రోజు ఉదయం ఎమిల్ భార్య ఓల్గా గిన్నెడు హొలుబ్కీ పట్టుకుని స్టేషన్‌కి వచ్చింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండేది. లంచం అని ముగ్గురికీ తెలుసు.

"గస్ నాయనా, నీకు దణ్ణం పెడతా. ఇవాళ ఆయన్ని గెలిపించు."

"ఎలా గెలిపించనమ్మా? రూడీ గాడు ఎదురుగా కూచుని పాచికల్ని గుడ్లప్పగించి చూస్తుంటాడు. ఊరంతా ఇళ్ళల్లో స్కోరు రాసుకుంటోంది. తేడా వస్తే నన్ను ఈ స్టేషన్‌లోనే ఉరితీస్తారు."

"మరి నీ నోరు ఎందుకు? ఏదో ఒకటి కల్పించు."

గస్ గిన్నె మీద మూత పెట్టేశాడు. "గెలిపించాననుకో. రేపట్నించి ఆట ఏది? గెలిచినా ఓడినా మైక్ కార్డు పెట్టెలోకి పోవాల్సిందే కదా."

ఓల్గా కుర్చీలో కూలబడింది. "అందుకా! నిన్న చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, ఆట సమం కావాలని మొక్కాడు. సమం ఏంటయ్యా నీ మొహం, బేస్‌బాల్‌లో సమం ఎక్కడుంది అని తిట్టాను. నాకేం తెలుసు..." ఏడుపు ఆపుకుంటూ అంది. "ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉంది. ఈ ఆట అయ్యాక వస్తానన్నాడు. అయ్యాక ఆయనకి బతకాలని ఉండొద్దూ?"

గస్ లేచి మైక్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. రూడీ వస్తూనే అందుకున్నాడు. "ఏం ఎమిల్, మీ ముసలాళ్ళకి బంతి కనబడుతుందా, కళ్ళజోళ్ళు తెప్పించమంటావా?"

"మీ పాలబుగ్గలకి మూతి తుడిచేవాళ్ళు వచ్చారా, ముందు అది చూసుకో" అన్నాడు ఎమిల్. ఆయాసపడుతూనే అన్నాడు. రూడీ పకపకా నవ్వాడు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్సుకి వచ్చేసరికి ఎవరికీ నవ్వు రావడం లేదు. ఎమిల్ జట్టు ఒక్క రన్ను వెనకబడి ఉంది. ఇద్దరు ఔట్, మూడోవాడే ఆఖరివాడు. పరుగు సగం పూర్తయి రెండో బేస్ మీద ఒకడున్నాడు. బ్యాటింగుకి రావలసినవాడు మైక్. మంచి దెబ్బ పడితే ఆట మళ్ళీ నిలబడుతుంది, లేకపోతే అంతా అయిపోయినట్టే.

ఎమిల్ పాచికలు గుప్పిట్లో పట్టుకుని వెయ్యడు. స్టూడియో అద్దం అవతల ఓల్గా సిలిండరు వైపు వేలు చూపిస్తోంది. ఆక్సిజన్ మీటరు ముల్లు ఎర్రగీత దాటి కిందికి దిగింది. నిండు సిలిండరు ఆమె పక్కనే ఉంది. తలుపు తోసుకుని రాబోతే ఎమిల్ చెయ్యెత్తి ఆపేశాడు. "మా అన్న ఆడుతున్నాడు" అన్నాడు. తర్వాత పాచికలు వేశాడు.

ఎర్రదాని మీద రెండు, తెల్లదాని మీద నాలుగు.

మైక్ కార్డు ఎమిల్‌కి నోటికి వచ్చు. రూడీకీ గస్‌కీ నాకూ కూడా వచ్చేసింది. మూడుసార్లు బంతి తగలక మూడు స్ట్రైకులు, ఔట్. ఆట అయిపోయింది. అది చెప్పాల్సింది గస్. ఎమిల్ వాడి మొహంలోకి చూశాడు. జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఆ చూపుతో అడిగాడు.

గస్ మైకు దగ్గరికి జరిగాడు. "మొదటి స్ట్రైక్... రెండో స్ట్రైక్... ఇదిగో మూడో బంతి..." నా వైపు చూశాడు. ఠక్ అని కొట్టాను. "గీత బయటికి పోయింది! ఫౌల్!"

పాత రేడియోవాళ్ళ ఎత్తు అది. దూరపు ఊరి ఆటని టెలిగ్రాఫు మీద తెప్పించుకుని చెప్పే రోజుల్లో, తీగ తెగిందంటే మళ్ళీ అతికేదాకా బ్యాటరు చేత ఫౌళ్ళు కొట్టిస్తూ కూచునేవాళ్ళు. రెండు స్ట్రైకుల తర్వాత ఎన్ని ఫౌళ్ళు కొట్టినా బ్యాటరు ఔట్ కాడు. నిలబడే ఉంటాడు.

ఠక్. ఫౌల్. ఠక్. ఇంకో ఫౌల్. బంతి జనంలో పడిందన్నాడు, స్టేడియం పైకప్పు మీద పడిందన్నాడు, ఒక ముసలమ్మ ఒళ్ళో పడిందన్నాడు. రూడీ ఒక్కమాట అంటే చాలు ఆగిపోతుంది. వాడు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని నేల చూస్తున్నాడు. కింద వీధిలో క్లబ్బు జనం గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. వాళ్ళకి పాచికలు కనబడవు, కానీ వాళ్ళు చంటిపిల్లలేం కాదు. ఎవరూ కేక వెయ్యలేదు.

ఎమిల్ మొదట నవ్వాడు. కొట్టినప్పుడల్లా తల ఊపాడు. తర్వాత పెదాలు నీలంగా మారడం మొదలెట్టాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరిగిపోతోంది. ఓల్గా అద్దం మీద అరచేతులతో కొడుతోంది, స్టూడియోలోకి శబ్దం రాదు. నేను కొడితే మైక్ బతుకుతాడు, ఎమిల్ చస్తాడు. ఆపితే అన్న ఔటైపోతాడు, ఆ తర్వాత తమ్ముడి సంగతి ఎవరికి తెలుసు? నాకు గస్ మీద కోపం వచ్చింది, పాచికల మీద వచ్చింది, ఉక్కు దిమ్మని పెట్టెలో పెట్టి ఇచ్చిన మిల్లు మీద వచ్చింది. ఏడుస్తూనే కొట్టాను. గస్ "మళ్ళీ ఫౌల్!" అంటూనే ఉన్నాడు.

ఇంకోసారి స్కేలు ఎత్తాను. ఎమిల్ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"చాలు లొరెయిన్" అన్నాడు. మైకులో ఊరంతా వింటోంది. "ఎంతసేపని నిలబెడతాం వాణ్ణి? ఇరవై ఆరేళ్ళ పిల్లాడు. చేతులు బొబ్బలెక్కి ఉంటాయి."

గస్ కళ్ళు తుడుచుకోలేదు. "మూడో స్ట్రైక్" అన్నాడు. "మైక్ హుదాక్ ఔట్."

నేను జనం టేపు వెయ్యలేదు. ఎమిల్ కుర్చీలో వెనక్కి వాలి, కొంచెంసేపు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయిందనే అనుకున్నాను నేను. తర్వాత కళ్ళు తెరిచి, తలుపు తీసుకుని వచ్చి అక్కడే బిగుసుకుపోయి నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

"చూస్తావేంటే ఓల్గా" అన్నాడు. "సిలిండరు మార్చు."