చివరి పేరాలో లోపం

నేను జాజ్ ఆల్బంల మీద సమీక్షలు రాస్తాను. తెలుగులో వాటిని ఎవరు చదువుతారని అడక్కండి, నాకే తెలియదు. ఒక వెబ్ పత్రిక వేసుకుంటుంది, నేను రాస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాయి గది, ఒక మంచి స్పీకరు, ముక్కు మీద కోపం, ఇవే నా ఆస్తి. పొగడ్త అంటే నాకు ఒళ్లు మంట. అందుకే ఎంత నచ్చిన ఆల్బమైనా చివరి పేరాలో ఒక లోపం చూపించి ముగిస్తాను. అలా చేస్తే పక్షపాతం లేని మనిషి అనుకుంటారని నా లెక్క.

రాసే చెయ్యి నాదైనా, వినే చెవి మా అక్కది. వారమంతా ఆమె దవాఖానలో చీటీలు రాసే కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఆదివారం ఎల్బీ నగర్‌లోని మా చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీ ఆమెదే. ఆ రెండు గంటల కోసమే మిగతా వారం భరిస్తానని నాతో చాలాసార్లు అంది. శనివారం మధ్యాహ్నం నేను స్పీకరు సంచిలో వేసుకుని వనస్థలిపురంలో వాళ్లింటికి వెళ్తాను. ఇద్దరం కూర్చుని కొత్త ఆల్బం వింటాం.

పోయిన వేసవిలో ఒక పియానో ఆల్బం తీసుకెళ్లాను. పియానో, బేస్ గిటార్, డ్రమ్స్, అంతే. ఈ మధ్య వస్తున్న జాజ్‌లో చాలామంది తమ వేగం చూసుకుని తామే మురిసిపోతున్నారు, వినేవాడికి ఊపిరాడదు. ఈ పియానో ఆవిడ అలా కాదు. మూడో పాటలో, ప్రతి వరుస చివర ఒక్క స్వరం మిగలగానే ఆగిపోతుంది. డ్రమ్స్ ఆగవు, బేస్ ఆగదు. ఆ స్వరాన్ని మనమే లోపల పాడేసుకున్నాక, అప్పుడు తాపీగా వేస్తుంది. ఎంత ధైర్యం అనుకున్నాను. అక్క ఇంకోలా విన్నది.

"కుడి చెయ్యి ఇడిచిపెట్టు, ఎడమ చెయ్యి ఇను," అంది. "పాట బయటికి పోయింది. గా ఎడమ చెయ్యి ఇంకా దర్వాజ కాడ్నే నిలవడ్డది. ఎన్కనుంచి ఎవరో రావాల్నని సూస్తున్నది."

ఆ మాటే కాస్త నున్నగా చెక్కి నా సమీక్షలో పెట్టుకున్నాను. ఆమెది అని రాయలేదు. చివరి పేరాలో మామూలుగానే, బేస్ మరీ మందంగా వినిపించిందని ఒక లోపం అంటించాను. అక్క చదివి నవ్వింది.

"గంత మంచిగ రాసి సివరికి గా సురక ఎందుకురా? నాకైతే గదే యాదికుంటది."

"అది పద్ధతి అక్కా," అన్నాను గొప్పగా.

ఆ తర్వాత ఒక ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆరాధనలో, అక్క కూడా చరణం చివర ఆగింది. మా చర్చి ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది. మెట్రో రైలు వెళ్తే కిటికీ అద్దాలు అదురుతాయి. ముందు వరుసలోని ముసలమ్మలు ఆమెతో పాటే ఆగారు, ఆమెతో పాటే మళ్లీ అందుకున్నారు. నా ఒళ్లు గగుర్పొడిచింది. చర్చి పాటలో ఈ జాజ్ పోకడ ఏంటని ఎవరైనా అంటారేమోనని వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే ఆ ఆల్బం తెచ్చి వినిపించింది నేను.

నాలుగు వారాలు అక్క అలాగే వాయించాక చర్చి కమిటీ కూర్చుంది. పాస్టర్ గారు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన సంఘ పెద్ద, ఇంకో ఇద్దరు. అక్క బెంచీ చివర పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్నూ పిలిచారు.

"మీ మీద మాకు కోపమేం లేదమ్మా," అన్నాడు సంఘ పెద్ద. "పాట మధ్యలో ఆపేస్తుంటే జనం తడబడుతున్నారండీ. ఇరవై ఏళ్లు లేనిది ఇప్పుడెందుకు?"

"ఆపుత లేనయ్యా. ఎన్కబడ్డోళ్ల కోసం జర ఆగుతున్న," అంది అక్క.

పాస్టర్ గారు నా వైపు తిరిగారు. "తమ్ముడూ, నువ్వు సంగీతం మీద రాస్తవ్. నువ్వే చెప్పు. ఇట్ల వాయించుడు తప్పా? కాదంటే గీ ముచ్చట ఈడ్నే బందు జేస్తం. అక్కనే వాయిస్తది."

"కాదు" అంటే చాలు. నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. ఎడమ చెయ్యి గురించి, తెలిసిన పాటను మళ్లీ కొత్తగా వినిపించడం గురించి, పత్రికలో ఎన్నడూ రాయనంత బాగా చెప్పాను. పాస్టర్ గారు తలూపుతున్నారు. అక్క మొహం తేటపడింది. అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. ఒక్క క్షణం ఆగాను. అందరూ నన్నే చూస్తున్నారు. సొంత అక్క కాబట్టి వెనకేసుకొస్తున్నాడని అనుకుంటారేమో, ఇదంతా ఎవరు నేర్పారని అడుగుతారేమో అనిపించింది.

"అయితే, పాడేవాళ్లలో కొందరు ఇబ్బంది పడుతున్న మాట నిజమే," అన్నాను.

అది అబద్ధం. ఎవరూ ఇబ్బంది పడలేదు. నేను కళ్లారా చూశాను.

"తెలిసినాయనే చెబుతున్నారు కదండీ," అన్నాడు సంఘ పెద్ద. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. కొన్ని రోజులు విశ్రాంతి తీసుకోమని పాస్టర్ గారు మెల్లగా చెప్పారు. అక్క లేచి కీబోర్డు మీద గుడ్డ కప్పి, నా పక్క నుంచే మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ శనివారం వనస్థలిపురం వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

మరుసటి ఆదివారం కీబోర్డు దగ్గర వేరే ఆయన కూర్చున్నాడు. తాళం బటన్ నొక్కి, గీత గీసినట్టు వాయించాడు. మొదటి చరణం చివర ముసలమ్మలు వాళ్లంతట వాళ్లే ఆగారు. కీబోర్డు ముందుకు పోయింది. వాళ్లు అక్కడే ఉండిపోయి, తర్వాత అందుకున్నారు. పాట రెండుగా చీలింది. అక్క తల వంచుకుని పుస్తకంలోకే చూస్తూ ఉంది, పాడలేదు.

పాటయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు లేచి చెబుతారు. ఎవరూ చివర్లో ఒక లోపం చెప్పి కూర్చోరు. నేను లేచాను.

"పోయిన వారం కమిటీ ముంగట నేను సివరికి చెప్పిన మాట అబద్ధం. పాటల ఎవ్వరూ తడబడలే. భయపడి అన్న."

సంఘ పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాస్టర్ గారు "స్తోత్రం" అని, ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ రోజుకీ ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక మెట్రో పిల్లర్ కింద షేర్ ఆటో కోసం నిలబడి ఉన్న అక్క దగ్గరికి పరిగెత్తాను.

"చెప్పిన గదక్కా," అన్నాను.

"ఇన్న," అంది. ఆటో వచ్చి ఆగింది. ఆమె ఎక్కి కూర్చుని, సంచి ఒళ్లో సర్దుకుని, అప్పుడు నా మొహం చూసింది.

"పాటల ఆగితె మంచిగుంటది తమ్మీ. గా దినం కమిటీ ముంగట నువ్వు ఆగినకాడ పాట లేకుండె. నేనుంటి."